న్యాయసోపానం

పాఠ్యాంశ పరిచయం

భారతదేశంలో కేంద్రప్రభుత్వం, రాష్ట్రప్రభుత్వాలు అని రెండు స్థాయిలలో పరిపాలన సాగుతుంది. శాసనాలు చేసే అధికారాన్ని రాజ్యాంగం ఈ రెండింటికీ పంచి ఇచ్చింది. న్యాయవ్యవస్థను మాత్రం పంచక, దేశమంతటికీ ఒక్కటిగా ఉంచింది. ఆ వ్యవస్థ ఏ విధంగా పనిచేస్తుందో, అందులో సామాన్యుని స్థానం ఏమిటో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఉదాహరణలతో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

1. ఎల్లలు దాటే తీర్పు

పెన్నానది నంది కొండలలో పుట్టి, కర్ణాటక సీమను దాటి హిందూపురం ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. నదికి వలెనే వ్యాపారానికి కూడా రాష్ట్రాల ఎల్లలు అడ్డు రావు. హిందూపురం బెల్లానికి, చింతపండుకు, పట్టుగూళ్లకు పేరుపొందిన అంగడి. పొరుగు రాష్ట్రంతో ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ నిత్యకృత్యం. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట తగవులూ ఉంటాయి.

హిందూపురం వర్తకుడు ఒకడు కర్ణాటకలోని వ్యాపారికి అరువుపై బెల్లం అమ్మాడనుకొందాం. గడువు దాటినా సొమ్ము రాలేదు. బేరం కుదిరినదీ, సొమ్ము చెల్లించవలసినదీ హిందూపురంలోనే కనుక అతడు అక్కడి న్యాయస్థానంలో దావా వేయవచ్చు. న్యాయస్థానం విచారించి అతనికి అనుకూలంగా డిక్రీ ఇచ్చింది. కాని ప్రతివాది ఆస్తులన్నీ కర్ణాటకలో ఉన్నాయి. అప్పుడు ఆ డిక్రీ గతి ఏమిటి?

దీనికి సమాధానం రాజ్యాంగం 261వ అధికరణంలో ఉంది. భారతదేశంలో ఏ ప్రాంతపు సివిల్ న్యాయస్థానం ఇచ్చిన అంతిమ తీర్పు అయినా, చట్టప్రకారం దేశంలో ఎక్కడైనా అమలు చేయదగినదే. హిందూపురం న్యాయస్థానం తన డిక్రీని అమలు కోసం ప్రతివాది ఆస్తి ఉన్నచోటి న్యాయస్థానానికి పంపుతుంది. ఆ న్యాయస్థానం దానిని తాను ఇచ్చిన డిక్రీ వలెనే భావించి అమలు జరుపుతుంది. వర్తకుడు తన వాదాన్ని అక్కడ మళ్లీ మొదటినుండి వినిపించనక్కరలేదు.

సమాఖ్య విధానం ఉన్న దేశాలన్నింటిలో న్యాయవ్యవస్థ ఈ తీరున ఉండదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రెండు వ్యవస్థలు పక్కపక్కనే నడుస్తాయి. సమాఖ్య ప్రభుత్వానికి 94 జిల్లా న్యాయస్థానాలు, వాటిపై 13 అప్పీళ్ల న్యాయస్థానాలు, అన్నింటిపై సుప్రీంకోర్టు ఉన్నాయి. ఇవిగాక 50 రాష్ట్రాలలో ప్రతి రాష్ట్రానికీ దిగువనుండి పైవరకు సొంత న్యాయస్థానాలు ఉన్నాయి. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబం వీసా విషయంలో ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రశ్నించదలిస్తే సమాఖ్య న్యాయస్థానానికి వెళ్లాలి. అదే కుటుంబంలో విడాకుల తగవో, ఇంటి అద్దె తగవో వస్తే రాష్ట్ర న్యాయస్థానానికి వెళ్లాలి. కేవలం రాష్ట్రచట్టానికి సంబంధించిన విషయంలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం చెప్పినదే చివరిమాట.

మన దేశంలో అట్టి విభజన లేదు. పార్లమెంటు చేసిన చట్టాన్నీ, శాసనసభ చేసిన చట్టాన్నీ ఒకే న్యాయాధికారి ఒకే పీఠంపై కూర్చుండి అమలు చేస్తాడు. మన న్యాయవ్యవస్థ ఒకే నిచ్చెన. దాని అడుగుమెట్టు పెనుకొండ వంటి ఊరిలో ఉంటే, పైమెట్టు ఢిల్లీలో ఉంది.

2. నిచ్చెన మెట్లు

ఆ నిచ్చెన ఎక్కే తీరును ఒక భూమి తగవు ద్వారా గ్రహించవచ్చు. పెనుకొండ సమీపంలో ఒక రైతు తన పొలం గట్టును పొరుగువాడు జరిపి నాలుగు సెంట్లు కలుపుకొన్నాడని జూనియర్ సివిల్ జడ్జి న్యాయస్థానంలో దావా వేశాడనుకొందాం. పాత తరంవారు దీనినే మున్సిఫ్ కోర్టు అనేవారు. అక్కడ వాదిప్రతివాదులు తమ పత్రాలను దాఖలు చేస్తారు. సాక్షులు ప్రమాణం చేసి చెబుతారు. ఎదుటి పక్షపు న్యాయవాది వారిని అడ్డుప్రశ్నలు వేసి పరీక్షిస్తాడు. అవసరమైతే న్యాయస్థానం ఒక కమిషనరును నియమించి పొలాన్ని కొలిపిస్తుంది. పిమ్మట తీర్పు వెలువడుతుంది.

ఓడినవాడు మొదటి అప్పీలు చేసుకోవచ్చు. అది దిగువ జిల్లా స్థాయిలోని పై న్యాయస్థానానికి వెళుతుంది. ఆ న్యాయస్థానం జరిగిన సంగతులనూ, చట్టాన్నీ రెండింటినీ పునఃపరిశీలిస్తుంది. అక్కడా ఓడితే హైకోర్టుకు రెండవ అప్పీలు ఉంది. కాని ఈ మెట్టు ఇరుకైనది. 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి 100వ సెక్షను ప్రకారం ముఖ్యమైన న్యాయసూత్రం ఏదైనా ఇమిడి ఉంటేనే హైకోర్టు ఆ అప్పీలును స్వీకరిస్తుంది. గట్టు ఎక్కడ ఉండేదన్న ప్రశ్నను అది మళ్లీ విచారించదు. ఆపైన సుప్రీంకోర్టు ఉంది. రాజ్యాంగం 136వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రత్యేక అనుమతి ఇస్తేనే అక్కడ అప్పీలు నడుస్తుంది. ఆ అనుమతి ఎవరికీ హక్కుగా లభించదు.

క్రిమినల్ కేసులకు దారి కొంత వేరు. అక్కడ నేరస్థునిపై అభియోగం నడిపేది ప్రభుత్వం. చిన్న నేరాలను మెజిస్ట్రేటు, ఘోరమైన నేరాలను సెషన్సు జడ్జి విచారిస్తారు. జిల్లా జడ్జియే క్రిమినల్ కేసులు వినేటప్పుడు సెషన్సు జడ్జి అవుతాడు. సెషన్సు జడ్జి మరణశిక్ష విధించినా, హైకోర్టు ధ్రువీకరించనిదే అది అమలు కాదు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చి పాత శిక్షాస్మృతి మొదలైనవాటి స్థానాన్ని ఆక్రమించాయి. చట్టాల పేర్లు మారినా నిచ్చెన మెట్లు మారలేదు.

ప్రభుత్వమే పౌరునికి అన్యాయం చేసినప్పుడు మరొక దారి ఉంది. 226వ అధికరణం క్రింద నేరుగా హైకోర్టులో రిట్టు వేయవచ్చు. ప్రాథమికహక్కులకు భంగం కలిగితే 32వ అధికరణం క్రింద నేరుగా సుప్రీంకోర్టునే ఆశ్రయించవచ్చు.

3. అడుగుమెట్టు ఘనత

పై న్యాయస్థానాల తీర్పులే పత్రికలలో కనబడతాయి కనుక అవే ముఖ్యమైనవని మనం అనుకొంటాం. నిచ్చెనను పరిశీలిస్తే విషయం వేరుగా తోస్తుంది. సాక్షి ముఖం చూసి, అతని తడబాటును గమనించగలిగేది మొదటి న్యాయస్థానమే. పెనుకొండలో నమోదైన వాఙ్మూలమే జిల్లా న్యాయస్థానానికి, హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు కాగితాల రూపంలో ప్రయాణిస్తుంది. పై మెట్లపై కొత్త సాక్ష్యాన్ని అనుమతించడం అరుదు. మొదట చూపని పట్టాను, పిలవని సాక్షిని ఆ తరువాత ఢిల్లీలో ఎంత గొప్ప న్యాయవాదిని పెట్టుకొన్నా తెచ్చుకోవడం కష్టం. పునాదిలో వదిలిన రాయి శిఖరంపై పెట్టరాదు.

ఈ అడుగుమెట్టును కాపాడడానికి రాజ్యాంగం ఏర్పాట్లు చేసింది. పరిపాలనను, న్యాయాన్ని వేరుచేయాలని 50వ అధికరణం చెబుతుంది. 235వ అధికరణం దిగువ న్యాయస్థానాలపై అదుపును హైకోర్టుకే అప్పగించింది. ఏ మంత్రి ఆగ్రహించినా, ఏ అధికారి అసంతృప్తి చెందినా పెనుకొండ న్యాయాధికారిని ఆ కారణంగా బదిలీ చేయడానికి ప్రభుత్వానికి అధికారం లేదు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాలో కొంతభాగంతో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి, ఈ మూడు పట్టణాలూ అందులో చేరాయి. అయినా కలెక్టరు కార్యాలయం మారినంత మాత్రాన న్యాయజిల్లా తనంతట మారదు. పరిపాలన జిల్లా వేరు, న్యాయజిల్లా వేరు.

4. ధర్మవరం మగ్గం – ఢిల్లీ తీర్పు

ధర్మవరం పట్టుచీరల ఊరు. చేతిమగ్గంపై రోజుల తరబడి నేసిన చీరను పోలిన చీరను మరమగ్గం కొద్ది గంటలలో నేసి తక్కువ వెలకు అమ్మితే నేతగాని బ్రతుకు ఏమవుతుంది? ఈ ఆలోచనతో పార్లమెంటు 1985లో చేనేతకు కొన్ని వస్త్రరకాలను కేటాయిస్తూ ఒక చట్టం చేసింది. మొదట 22 రకాలను కేటాయించారు. నిర్దిష్ట లక్షణాలు గల చీర అందులో ఒకటి. మిల్లుల, మరమగ్గాల యజమానులు ఈ చట్టాన్ని న్యాయస్థానాలలో సవాలు చేశారు. వివాదం కొనసాగిన కాలంలో చట్టం కాగితంపైనే ఉండిపోయింది. చివరకు 1993 ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. 1996లో కేటాయింపు రకాల సంఖ్యను 11కు తగ్గించినా చీర ఆ పట్టికలో నిలిచింది.

ఆ కేసులో ధర్మవరం నేతగాడు వాది కాదు, ప్రతివాది కాదు. అయినా ఆ తీర్పు అతని మగ్గానికీ వర్తించింది. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయం దేశంలోని న్యాయస్థానాలన్నింటికీ శిరోధార్యమని 141వ అధికరణం చెప్పడమే ఇందుకు కారణం. ఎవరైనా ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే విచారించడానికి ప్రత్యేకంగా కేంద్ర న్యాయస్థానం ఉండదు. స్థానిక మెజిస్ట్రేటే విచారిస్తాడు. చట్టం ఢిల్లీది, తీర్పు ఢిల్లీది, అమలు ఊరిది. ఊరిలో తనిఖీ సక్రమంగా జరగకపోతే, కేసు నడవకపోతే ఢిల్లీ తీర్పు నేతగాని ఇంట దీపం వెలిగించలేదు.

5. రాష్ట్రాల మధ్య తగవు

వ్యక్తుల మధ్య వలెనే రాష్ట్రాల మధ్య కూడా తగవులు వస్తాయి. రెండు రాష్ట్రాల మధ్య గాని, కేంద్రానికి ఒక రాష్ట్రానికి మధ్య గాని న్యాయవివాదం వస్తే దానిని మొదటనే విచారించే అధికారం 131వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టుకే ఉంది. ఆలమట్టి ఆనకట్ట విషయంలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ వేసిన దావాలపై సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది.

నదీజలాల పంపిణీకి మాత్రం వేరే పద్ధతి ఉంది. 262వ అధికరణం ఆధారంగా 1956లో చేసిన చట్టం ఈ వివాదాలను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు అప్పగించింది. కృష్ణాజలాల పంపిణీకి 1969లో బచావత్ ట్రిబ్యునల్, 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ఏర్పడ్డాయి. హంద్రీ–నీవా కాలువ ద్వారా పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి చేరేవి కృష్ణాజలాలే. కనుక ఆ ట్రిబ్యునళ్ల ముందు వినిపించిన వాదాలు కరవుసీమ రైతుకు దూరపు ముచ్చట్లు కావు.

6. ఒక సీమ – నాలుగు హైకోర్టులు

ఈ ప్రాంతపు న్యాయచరిత్ర కూడా తెలుసుకోదగినది. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధం తరువాత పెనుకొండ విజయనగర ప్రభువులకు రాజధాని అయింది. 1800లో నిజాము ఈ దత్తమండలాలను ఇంగ్లీషువారికి అప్పగించాడు. ఇక్కడ 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, ఊరి తగవు ఊరివారికి అర్థమయ్యే చోటనే తీరాలని భావించాడు. 1816 నాటి నిబంధనలతో గ్రామ మున్సిఫులకు చిన్న దావాలు వినే అధికారం వచ్చింది. ఆ పదవి అనేక మార్పులతో 1984లో రద్దయ్యేవరకు కొనసాగింది.

1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. ఈ సీమవారి అప్పీళ్లు అక్కడికే వెళ్లేవి. 1937 అక్టోబరు 1న ఢిల్లీలో ఫెడరల్ కోర్టు మొదలైంది. రాష్ట్రాల తగవులు, రాజ్యాంగచట్టపు చిక్కులు దాని పరిధిలోనివి. అయితే ఆఖరి మాట లండనులోని ప్రీవీ కౌన్సిలుది. 1949లో ఆ అధికారం ముగిసింది. 1950 జనవరిలో ఫెడరల్ కోర్టు స్థానంలో సుప్రీంకోర్టు అవతరించింది. ప్రధాన న్యాయమూర్తితో కలిపి 8 మందితో మొదలైన దాని సంఖ్యాబలం 2019 నాటికి 34కు పెరిగింది.

1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమకు చెందాలని భావించింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది. 1954లో గుంటూరులో హైకోర్టు వెలసింది. దాని తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు. 1956లో హైకోర్టు హైదరాబాదుకు తరలింది. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి ప్రధానస్థానంగా ప్రత్యేక హైకోర్టు ఏర్పడింది. దానితో దేశంలోని హైకోర్టుల సంఖ్య 25 అయింది.

ఈ విధంగా ఊరు కదలకుండానే హిందూపురం కక్షిదారుకు మద్రాసు, గుంటూరు, హైదరాబాదు, అమరావతి అని నాలుగు హైకోర్టులు మారాయి. అన్నీ వందల కిలోమీటర్ల దూరంలోనివే. సుమారు 100 కిలోమీటర్లలో ఉన్న బెంగళూరు హైకోర్టు అతనికి అన్నింటికన్న దగ్గర. కాని అది పొరుగు రాష్ట్రానిది. అతని అప్పీలు అక్కడికి వెళ్లదు. న్యాయం ఒక్కటే అయినా దానిని చేరే దారిఖర్చు అందరికీ ఒక్కటి కాదు.

7. న్యాయస్థానంలో తెలుగు

మన న్యాయస్థానపు మాటలలో ఈ చరిత్ర అంతా నిక్షిప్తమై ఉంది. న్యాయం, సాక్షి, వాది అన్నవి సంస్కృతం నుండి వచ్చాయి. దావా, వకీలు, వాయిదా, జప్తు, అమీనా అన్నవి అరబ్బీ, పారశీక భాషలనుండి హిందుస్తానీ ద్వారా వచ్చాయి. అప్పీలు, డిక్రీ, రిట్టు ఇంగ్లీషువారితో వచ్చాయి. తగవు, తీర్పు, పూచీ అన్నవి జనం నాలుకపై నలిగిన మాటలు.

348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారం సాధారణంగా ఇంగ్లీషులో జరుగుతుంది. తన పొలం గురించి వచ్చిన తీర్పును రైతు మరొకరిచేత చదివించుకోవలసి రావడం దీని ఫలితం. 2019 నుండి సుప్రీంకోర్టు తన తీర్పులు కొన్నింటిని తెలుగుతో సహా ప్రాంతీయభాషలలో ప్రచురించసాగింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక భూవివాదంలో తీర్పును తెలుగులో వెలువరించింది. ఓడినవాడు సైతం తాను ఎందుకు ఓడాడో తన భాషలో తెలుసుకోవడం న్యాయంలో భాగమే.

8. పేదవాని చేయూత

నిచ్చెన ఉన్నంత మాత్రాన అందరూ ఎక్కలేరు. ఒక్కొక్క వాయిదాకు ఒకరోజు కూలి పోతుంది. దేశంలో తేలని కేసుల సంఖ్య 2023లో 5 కోట్లు దాటింది. వాటిలో అత్యధికభాగం జిల్లా, దిగువ న్యాయస్థానాలలోనివే. గట్టు తగవు తండ్రినుండి కొడుకుకు వారసత్వంగా రావడం మన పల్లెలలో కొత్త సంగతి కాదు.

పేదరికం కారణంగా ఎవరికీ న్యాయం దూరం కారాదని 39ఎ అధికరణం ఆదేశించింది. అందుకు అనుగుణంగా 1987లో న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం వచ్చింది. అది 1995 నవంబరు 9 నుండి అమలులో ఉంది. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాల, తెగల వారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయపరిమితి ఉంది. జిల్లా, మండల స్థాయి న్యాయసేవా సంస్థలకు దరఖాస్తు చేసుకొంటే ప్రభుత్వ ఖర్చుతోనే న్యాయవాదిని నియమిస్తారు. 15100 అనే ఉచిత టెలిఫోను సంఖ్య ద్వారా కూడా సలహా పొందవచ్చు.

ఇరుపక్షాలూ రాజీకి సిద్ధపడితే లోక్ అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన ఒప్పందానికి డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు. న్యాయస్థానంలో కట్టిన రుసుము తిరిగి లభిస్తుంది. అయితే రాజీ అంటే బలవంతునికి తలవంచడం కారాదు. హక్కు తెలిసినవాడు చేసుకొన్న రాజీయే నిజమైన రాజీ.

సమాఖ్యలో ప్రభుత్వాలు అనేకం, న్యాయం ఒక్కటి. ఆ ఏకత్వానికి పరీక్ష జరిగేది రాజధానిలోని ధర్మాసనం ముందు మాత్రమే కాదు. తాలూకా న్యాయస్థానపు వరండాలో పిలుపు కోసం ఎదురుచూసే రైతు ముందు, నేతగాని ముందు కూడా జరుగుతుంది. అడుగుమెట్టు గట్టిగా ఉండి, దానిపై కాలుమోపే ధైర్యం పేదవానికి కలిగిననాడే పైమెట్లకు సార్థకత.

కఠిన పదాలు – అర్థాలు

సోపానం = మెట్టు
సమాఖ్య = పలు రాష్ట్రాల కలయిక
అధికరణం = రాజ్యాంగంలోని విభాగం
వాఙ్మూలం = నోటితో చెప్పిన సాక్ష్యం
కక్షిదారు = దావాలో ఒక పక్షంవాడు
శిరోధార్యం = తలదాల్చదగినది
నిక్షిప్తం = దాచబడినది

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. భారతదేశ న్యాయవ్యవస్థ ఏకత్వాన్ని అమెరికా విధానంతో పోల్చి వివరించండి.
2. ఒక భూమి తగవు మొదటి న్యాయస్థానం నుండి సుప్రీంకోర్టు వరకు ఎట్లా సాగుతుందో తెలపండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. చేనేత చట్టంపై సుప్రీంకోర్టు తీర్పు ధర్మవరం నేతగానికి ఎందుకు వర్తించింది?
2. హిందూపురం ప్రాంతానికి హైకోర్టులు మారిన క్రమాన్ని తెలపండి.
3. ఉచిత న్యాయసహాయానికి అర్హులెవరు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. పునాదిలో వదిలిన రాయి శిఖరంపై పెట్టరాదు.
2. న్యాయం ఒక్కటే అయినా దానిని చేరే దారిఖర్చు అందరికీ ఒక్కటి కాదు.

ఈ) సంధులు
న్యాయాధికారి = న్యాయ + అధికారి – సవర్ణదీర్ఘసంధి
అత్యున్నత = అతి + ఉన్నత – యణాదేశసంధి

ఉ) సమాసాలు
వాదిప్రతివాదులు = వాదియు, ప్రతివాదియు – ద్వంద్వ సమాసం
న్యాయసోపానం = న్యాయము యొక్క సోపానం – షష్ఠీ తత్పురుష సమాసం

ఊ) చేసి చూడండి
మీ ఊరికి దగ్గరలోని న్యాయస్థానం ఏ స్థాయికి చెందినదో, అక్కడ న్యాయసేవా సంస్థ కార్యాలయం ఎక్కడ ఉందో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.